కారణం అనే గడి

ప్రెస్టన్ లైబ్రరీ పై అంతస్తులో
మడత కుర్చీలు నలభై, మనుషులు అరవై.
వానకి తడిసిన కోట్ల వాసన.
కొత్త అద్దె చట్టం గురించి మాట్లాడుకుందాం రమ్మన్నారు.
నైట్ డ్యూటీ దిగి, నిద్రపోకుండా వచ్చాను.

హ్యాండ్‌బ్యాగులో రెండు కాగితాలు.
ఒకటి, నేను చెప్పదల్చుకున్న మూడు మాటలు,
గ్యాస్ చెక్ రసీదు వెనకాల రాసుకున్నవి.
రెండోది నోరీన్‌కి ఇవ్వాల్సిన నోటీసు,
రెండు నెలల్లో ఖాళీ చెయ్యమని.
మూడు వారాలుగా అది
నా లిప్‌స్టిక్‌తో, పారాసిటమాల్‌తో కలిసి తిరుగుతోంది.

మొదట లేచినాయన కోటు నిండా కుక్క వెంట్రుకలు.
"మాలాంటి చిన్నవాళ్ళం బతకలేం" అన్నాడు.
నలభై మూడు ఇళ్ళట ఆయనకి, పక్కావిడ చెవిలో ఊదింది.
అప్పటికే చప్పట్లు కొట్టేశాను.
కొట్టిన చేతులు ఒళ్ళో ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

నాకున్నది ఒక్క ఇల్లు.
డీప్‌డేల్ వైపు, గోడకి గోడ ఆనుకున్న ఇటుకల వరసలో
పదకొండోది. సగం పైన బ్యాంకుదే.
వడ్డీ పెరిగాక, నెలకి రెండు వందల అరవై పౌన్లు
ఆ ఇంటికి నేనే అద్దె కడుతున్నట్టుంది.
ఇల్లు కట్టి చూడమన్నారు, పెళ్ళి చేసి చూడమన్నారు,
అద్దెకిచ్చి చూడమని ఒక్కరూ అనలేదు.

తర్వాత ఒక కుర్రాడు,
నాలుగేళ్ళలో ఐదు ఇళ్ళు మారానన్నాడు.
"ఎందుకని?" అడిగింది అధ్యక్షురాలు.
"ఎవరూ చెప్పలేదు."
అంతే, కూర్చున్నాడు.
మూలనున్న కెటిల్ ఒక్కటే కాసేపు గొణిగింది.

అప్పుడు తెర మీద కొత్త ఫారం చూపించారు.
పాతదాంట్లో లేని గడి ఒకటి, పొడుగ్గా, ఖాళీగా:
కారణం.

నా బుర్ర కూర్చున్నచోటే దాన్ని నింపడం మొదలెట్టింది.
వడ్డీ పెరిగింది.
పెంచింది నోరీనా?
అమ్మేద్దామనుకుంటున్నాను.
అనుకుంటున్నావా, అందామనుకుంటున్నావా?
ఆరేళ్ళలో ఒక్క నెల అద్దె ఆలస్యం కాలేదు.
బడి వంటింట్లో పని చేసి, మనవణ్ణి పెంచుకుంటోంది.
పై గది చెమ్మ గురించి మూడుసార్లు ఫోన్ చేసింది,
మూడోసారి కౌన్సిల్ పేరెత్తింది.
ఆ గడిలో
పట్టేది అదొక్కటే. రాయలేనిదీ అదే.

బోల్టన్‌లో మా మొదటి గది యజమాని హారక్స్
మర్యాదస్తుడు. గుమ్మంలో టోపీ తీసి మరీ కాగితం ఇచ్చాడు.
ఎందుకని అడిగితే కార్పెట్ వైపు చూశాడు.
పాపకి అప్పుడు నలభై రోజులు.
దాని రాత్రి ఏడుపా? నా ఇంగువ పోపా?
కారణాలు మేమే వెతుక్కున్నాం,
దొరికినవన్నీ మా నెత్తినే వేసుకున్నాం.
ఇప్పటికీ పోపు పెట్టేముందు కిటికీ తీస్తాను.
ఈ ఇల్లు నాదే. అయినా తీస్తాను.

"రెండు నిమిషాలు" అంది అధ్యక్షురాలు నావైపు తిరిగి.
మొదటి మాట చెప్పాను:
అద్దె ఎగ్గొట్టినవాణ్ణి కోర్టు కదిలించేసరికి
మా వార్డు స్వర్ణకుమారి పదకొండు నెలలు అప్పు చేసింది.
అది నిజం. బయటికొచ్చాకా నిజమే.
రెండోది, వడ్డీ సంగతి, అదీ చెప్పాను.
మూడోది
"కారణం అడగడం మా హక్కుని లాక్కోవడమే" అని నా దస్తూరీలోనే ఉంది.
అక్షరాలు అలుక్కుపోయాయని అబద్ధమాడి కూర్చున్నాను.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.
మెట్లు దిగుతూ చాలాసేపు ఆలోచించాను,
ఇందులో నేనెవర్నని.

ద్వారం దగ్గర ఆ కుర్రాడు
చెమ్మ బాగుచేసే మనిషి నంబరు చెబుతున్నాడు ఎవరికో.
నేనూ రాసుకున్నాను.
చేతికి అందిన కాగితం నోటీసే, దాని వెనక.

ఇంకా ఫోన్ చెయ్యలేదు. ఎంతవుతుందో అని భయం.
చింపనూ లేదు.